అరటికాయ ముట్టని ఉగాండా అమ్మాయి

2022 వేసవిలో నేను షార్జాలోని సజ్జా అనే చోట, ఒక క్లీనింగ్ కంపెనీ ఆడ పనివాళ్ళు ఉండే లేడీస్ క్యాంపులో మెస్ నడిపేదాన్ని. డెబ్బై మందికి వంట. నాకు తోడు గోదావరి జిల్లా సత్యవతి. నాది జగిత్యాల పక్క పల్లె. అంతకు రెండేళ్ళ ముందు, లాక్‌డౌన్‌లో అందరినీ గదుల్లో కూర్చోబెట్టినప్పుడు, నలభై ఆరేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ముదీర్, అంటే మా మేనేజర్, మీల్ చార్ట్ నాకు అప్పగించాడు. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో రాసే కాగితం అది. తింటే టిక్కు, తినకపోతే ఇంగ్లీషులో ‘నో’. ఆ రెండక్షరాలు గుండ్రంగా రాసి మురిసిపోయేదాన్ని.

ఆ వేసవిలోనే ఆఫ్రికా నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. ముదీర్ పాస్‌పోర్టులు చూసి ఉగాండా వాళ్ళకు ఒక గది, పగటి డ్యూటీ, కెన్యా వాళ్ళకు ఇంకో గది, రాత్రి డ్యూటీ వేశాడు. ఆయనది హైదరాబాద్. “ఒక్క దేశం, ఒక్క భాష, ఒక్క తిండి. లడాయి ఉండదు” అన్నాడు. ఉగాండా వాళ్ళు అరటికాయ తింటారని ఎవరో చెబితే పెట్టెలకొద్దీ తెప్పించాడు. ప్రాసీ అనే ఉగాండా అమ్మాయి వంటగదిలోకి వచ్చి, కాయలు ఆవిరి మీద ఉడికించి మెదపడం మాకు నేర్పింది. వాళ్ళ గదిలో అందరూ ఇష్టంగా తిన్నారు, నకీరు తప్ప.

నకీరు పొడుగ్గా, సన్నగా ఉండేది. ప్లేటు వైపు చూసి, లబన్, అంటే మజ్జిగ ప్యాకెట్టు, తీసుకుని వెళ్ళిపోయేది. అన్నం పెట్టినా రెండు ముద్దలే. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆమె మాట మాకు అర్థమయ్యేది కాదు. ముదీర్ ప్రాసీనే దుబాసీగా పెట్టాడు.

“ఏమంటది ఆమె?” అని వచ్చీరాని ఇంగ్లీషులో ప్రాసీని అడిగాను.

“ఏమీ అనదు సిస్టర్. ఆవుల వెంట తిరిగేవాళ్ళు, అంతే. పొగరు.”

నేను నమ్మాను. పదకొండు రోజులు నో రాశాను. పన్నెండో రోజు నకీరు పనిచేసే చోట కళ్ళు తిరిగి పడిపోయింది. జబ్బేమీ లేదు, నీరసమే అన్నారు క్లినిక్‌లో. ముదీర్ నన్ను పిలిచి చార్టు ముందు పెట్టాడు.

“రాజవ్వా, ఈ రాత నీదే కదా? పని ఎగ్గొట్టనీకి తినుడు బంద్ చేసింది. ప్రొబేషన్‌ల ఉంది. గురువారం టికెట్, ఖలాస్.”

ప్రొబేషన్ అంటే మొదటి నెలల పరీక్షా కాలం. అందులో ఎప్పుడైనా పంపించేయవచ్చు.

“తినలేదని రాసిన సార్. తిననన్నదని రాయలే.”

“రెండూ ఒక్కటే కదా!”

ఒకటి కాదని తెలుసు. ఎందుకు కాదో చెప్పడం నాకు చేతకాలేదు.

ఆదివారం సెలవు. నా కోసం రెండు పూటలకు సరిపడా జొన్న గటుక వండుకున్నాను. జొన్న రవ్వను మెత్తగా ఉడికించే మా వైపు తిండి.

“మళ్ళీ జొన్నలేనా అక్కా? మా వైపు కోళ్ళకేస్తారు” అంది సత్యవతి.

“మీకు కాలువ నీళ్ళున్నయి, వరి తింటరు. మాకు మొగులు మీది వానే దిక్కుండె. జొన్న గాకపోతే మన్ను తిందుమా?”

గటుక మీద లబన్ పోసుకుంటుంటే నకీరు వచ్చింది. గిన్నెలోకి చూసింది. వేలితో కొంచెం తీసి నాకింది. అక్కడే నేల మీద కూర్చుని తల ఎత్తకుండా మూడు ప్లేట్లు తిన్నది. ఆ తర్వాత గడగడా ఏదో అంది.

వెనకే వచ్చిన ప్రాసీ నవ్వింది. “మా దగ్గర దీంతో బీరు చేస్తారు!”

“నవ్వు తర్వాత. ఏమన్నదో చెప్పు.”

ప్రాసీ నేల చూపులు చూసింది. “వాళ్ళ భాష నాకు రాదు సిస్టర్. మొదటి రోజు నుంచీ రాదు. ఒకే దేశం కదా అన్నారు. రాదంటే నవ్వుతారనుకున్నాను.”

అంతలో కెన్యా గది ఎస్తేర్ నిద్ర లేచి చాయ్ కోసం వచ్చింది. గుమ్మంలోంచే నకీరుకు ఏదో జవాబిచ్చింది. నకీరు లేచి ఆమెను వాటేసుకుంది. ఇద్దరూ ఒకటే మాటలు. ఉగాండా అమ్మాయి మాట ఉగాండా అమ్మాయికి తెలియదు, కెన్యా అమ్మాయికి తెలుసు!

“ఇదే తిండి, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారని అడుగుతోంది” అంది ఎస్తేర్. “సరిహద్దు గీత తర్వాత వచ్చింది సిస్టర్. మా వాళ్ళు, వీళ్ళ వాళ్ళు ఆవుల్ని తోలుకుంటూ ఒకే ఎండలో తిరిగారు. వాన తక్కువ. పాలు, జొన్నలు, ఎప్పుడన్నా ఆవు నెత్తురు.”

“నెత్తురా!” సత్యవతి రెండడుగులు వెనక్కి వేసింది.

“మాది పెద్ద సరస్సు పక్కన” అంది ప్రాసీ. “వానకు కొదవ లేదు. ఒక అరటి పిలక నాటితే మనవడి దాకా గెలలే. మేమెందుకు తిరుగుతాం?”

ఎస్తేర్ ఇంకో మాట కూడా అంది. జొన్నను మొదట పండించింది ఆఫ్రికాలోనేనట, తర్వాతే మన దేశానికి వచ్చిందట.

“మా అవ్వ తిన్న గటుక మీదెట్లయితది?” అన్నాను కోపంగా.

“మా బడి పుస్తకంలో ఉంది సిస్టర్.”

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. ఎట్లా కాదనను?

మర్నాడు ఎస్తేర్‌ను, నకీరును వెంటబెట్టుకుని ముదీర్ దగ్గరికి పోయాను. పొగరు కాదు, తిండి పడలేదని, చెప్పుకునే దారి లేకపోయిందని ఎస్తేర్ చెప్పింది. “ఉగాండా పిల్లకు కెన్యా పిల్ల దుబాసీనా? నా దిమాగ్ ఖరాబైంది” అని ముదీర్ తల పట్టుకున్నాడు. గురువారం టికెట్ మాత్రం ఆపాడు. నకీరు మంచం కెన్యా గదిలోకి మారింది. అల్ నహ్దాలో ఉన్న తెలుగువాళ్ళ కొట్టు నుంచి జొన్న రవ్వ తెప్పించాం. నెలాఖరుకు ఆమె బకెట్లు ఎత్తుకుని మెట్లెక్కుతోంది.

ఇక నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. చలికాలంలో నకీరు ప్రాంతం పేరు చెప్పి ఇంకో అమ్మాయి వస్తే, అడగకుండానే ప్లేటు నిండా గటుక పెట్టాను.

“ఇదేంటి మేడమ్? నేను పట్నంలో పెరిగాను. చికెన్, చిప్స్ లేవా?”

సత్యవతి నవ్వలేక గోడ పట్టుకుంది.

అప్పటి నుంచి కొత్త మనిషి వస్తే ముందు ఏమీ వడ్డించను. ఎవరితో మాట్లాడితే ఆ మనిషి ముఖం విప్పారుతుందో చూసి, వాళ్ళతోనే అడిగిస్తాను. మొన్న ఒక ఇథియోపియా అమ్మాయి కోసం అలాంటి మనిషిని వెతుకుతూ నాలుగు గదులు తిరిగాను. దొరికింది, కానీ ఆమెది ఇథియోపియా కాదు. ఇద్దరి మాట ఎట్లా కలిసిందని అడిగితే చాలాసేపు చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఇథియోపియా అమ్మాయి మాత్రం కడుపునిండా తిన్నది.