కాశమ్మ ఇసిరిన కందులు

పోలీసు చర్య అయిన కొన్నేండ్లకు తాండూరు కాశమ్మ పెనిమిటి విషజ్వరంతో పోయాడు. ఆ తల్లికి మిగిలింది ఇద్దరు పిల్లలు, అత్త వాడిన ఇసుర్రాయి, ముక్కు మీద కోపం. కూలికి పప్పు ఇసిరి బతుకుదామని సావుకారి మొగులప్ప దుకాణం నుంచి బస్తా కందులు తెచ్చుకుంది.

నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి ఎండబోసింది. భద్రేశ్వరుని జాతరకు పప్పు కావాలని మొగులప్ప తొందరపెడితే, పొట్టు పెళపెళలాడగానే ఎండలోంచి ఎత్తి వేడివేడిగా ఇసిరింది. బద్ద కావాల్సిన గింజ నలిగి నూకయింది.

మొగులప్ప నలుగురి ముంగట ఆ నూకను చేటలో ఎగరేశాడు. "గిది పప్పా, కోళ్ల దాణానా? చేతగానిదానివి నీకెందుకే గీ పని? నువ్వే తిను. ఇగ నా కందులు ముట్టకు!"

"నీ తొందరకే గిట్లయింది సావుకారీ!"

"నేను తొందరపెడితే నీ తెలివేమైంది?"

ఆ మాట ఆమెను మండించింది. ఇంటికొచ్చి చేటను గోడకేసి కొట్టింది. దేవుణ్ణీ తిట్టింది, కడుపు మండినవాళ్ల మాట ఆయన పట్టించుకోడులెండి. పక్కింటి బీరమ్మ ఒక్క ముక్క అడగకుండా ఇంత నూక కొంగున పోసుకుపోయి, వండి, జొన్నరొట్టెలతో తెచ్చింది.

"తిను అక్కా. తిట్టనీకె బలం గావాలె గద."

నవ్వు రాలేదు గానీ తిన్నది.

తెల్లారి చూస్తే, ఇసరని గింజలు కొన్ని గంప అడుగున గోనె కింద మిగిలాయి. కసికొద్దీ ఒకటి కొరికింది. టక్కున రెండు బద్దలైంది! నిన్న రాయి కింద మెత్తగా అణిగినవీ ఇవే గింజలు. నిన్న పైపొట్టే ఎండింది, లోపలి తడి రాత్రంతా కప్పి ఉంచితే గానీ బయటికి రాలేదు.

"నా బుద్ధి పాడుగాను!" అని నెత్తి కొట్టుకుంది.

కోసిన చేన్లలో తిరిగి రాలిన కందికాయలు ఏరుకొచ్చింది. ఈసారి నానబెట్టి మట్టి పట్టించినాక, పగలు ఎండబోసి, రాత్రి కుప్పచేసి గోనె కప్పి, మళ్లీ ఎండబెట్టి, చల్లారినాకే ఇసిరింది. పసుప్పచ్చని బద్దలు రాలాయి. తీసుకెళ్లి మొగులప్ప ముంగట దబ్బున పెట్టింది.

అతను అరచేతిలో పోసుకుని చూశాడు. "మస్తుంది. రేపొచ్చి బస్తా తీస్కపో."

"నేను రాను. నలుగుర్ల చేతగానిదన్నవు. గా నలుగుర్లనే గా మాట ఎన్కకు తీస్కో. బస్తా నా గడప దాంక పంపియ్యి. లేకుంటె వేరేటోళ్లకిచ్చుకో!"

దుకాణంలో గుమాస్తా, హమాలీలు చేతిలో పని ఆపి చూస్తున్నారు. మొగులప్ప గొంతు సవరించుకున్నాడు. "తప్పయింది కాశమ్మా. నీకు చేతనైతది."

హమాలీ బస్తా ఎత్తుకుని ఆమె వెంట నడిచాడు. కాశమ్మ కోపం మాత్రం ఆ వీధి మలుపు దాకా కూడా తగ్గలేదు. తరవాతి ఏండ్లలో వికారాబాదు నుంచి ఆడవాళ్లు పని నేర్చుకోను వచ్చినా కసురుతూనే నేర్పేది. ముందు తన కందులే దోసెడు వాళ్ల చేతిలో పోసేది.

"పాడు చెయ్యి. ఎందుకు పాడైందో నువ్వే చెప్పు. అప్పటిదాంక నన్నేమడగకు."