టేబుల్ మీది వర్క్‌షాప్

మా ఆయన ఉమాకాంత్ రైల్వే వర్క్‌షాప్‌ల ముప్పై నాలుగేండ్లు ఫిట్టర్‌గ చేసిండు. రిటైరయినంక చిక్కడపల్లిల మా రెండు రూముల కిరాయి ఇంట్ల కూసుండి ఇంకో వర్క్‌షాప్ కట్టిండు. నవ్వకుండ్రి. అన్నం తినే టేబుల్ మీద, రెండడుగుల పొడువు, అడుగున్నర వెడల్పు. ఎనిమిది నెలలు మేము కింద చాప మీద కూసుండి తిన్నం. నా మోకాళ్లు ఇట్ల అయినయంటే ఆయన పుణ్యమే.

దీనికంతటికీ కారణం అశోక్ నగర్ సూర్యప్రకాశరావుగారు. బ్యాంకుల ఆఫీసరుగ చేసి రిటైరయిండు. ఆయన మేడ మీద ఒక రూం నిండ బొమ్మ రైళ్లే. పట్టాలున్నయి, స్టేషనుంది, వంతెనుంది, ఇంజన్లు రిపేరు చేసే షెడ్డొక్కటే లేదు. అసలు షెడ్డుల పనిచేసిన మనిషి మీరుండగ ఇంకొకరినెందుకు అడుగుతానండీ అని మా ఆయనను పొగిడిండు. ఈయన పొంగిపోయి ఒప్పుకొని వచ్చిండు.

ఇగ ఇంట్ల ఏ వస్తువు ఉన్నకాడ లేదు. నా జడపిన్నులు వంచి క్రేన్ చేసిండు. చీపురుపుల్లలు పైపులైనయి. పౌడర్ డబ్బా కోసి పైకప్పు రేకులేసిండు, కొత్తగ మెరుస్తున్నయని వాటికి దీపం మసి పూసిండు. పెన్ను రీఫిళ్లు కోసి లేత్ మిషన్లు, ఎం-సీల్ పిసికి చిటికెన వేలంత మనుషులు. నేల మీద నూనె మరకలు కావాలని నా చాయ్ డికాషన్‌ల నల్లరంగు కలిపి చుక్కలు పెట్టిండు. మూలకు నీళ్ల కుండ, దాని మీద గ్లాసు గూడ మరువలేదు. తిడుతనే ఉన్న గాని, చూస్తుంటే ముద్దొచ్చేది, అబద్ధమెందుకు.

అన్ని అయినంక ఆఖరికి గేటు పక్కన టోకెన్ బోర్డు పెట్టిండు. ఆ రోజులల్ల పనోళ్ల హాజరు సంతకంతోని కాదు. ఒక్కొక్కరికి నంబరున్న ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల బోర్డుకు వేలాడుతుంటే మనిషి రాలేదని, అది తీసి డబ్బాల వేస్తే లోపల ఉన్నడని లెక్క. మా ఆయన ఆవగింజంత బిళ్లలు కోసి, భూతద్దం పెట్టుకొని ఒక్కొక్కటి తగిలించిండు. ఒక్క బిళ్ల మాత్రం తగిలించుడు, తీసుడు. మూడు దినాలు గిదే పని. ఎవరిదని అడిగితే శ్రీపతిదన్నడు.

శ్రీపతి ఈయన దోస్తు, మా వెనుక గల్లీల ఉండేటోడు. ఇరవై ఏడేండ్ల కింద నారాయణగూడ చౌరస్తాల లారీ గుద్ది చచ్చిపోయిండు. వర్క్‌షాప్ ఉన్న దిక్కు అది కాదు. పొద్దున వచ్చి హాజరేసి, ఏదో పనుందని బయటికి పోయిండని అందరికీ చెప్పింది మా ఆయనే. శ్రీపతి పెండ్లాం కుసుమకు ఇగ అదే రంధి. హాజరేసి, తనకు చెప్పకుండ అటు ఎవరి కోసం పోయిండని. వాడకట్టు నోరు ఊకుంటదా, ఎవరో ఆడమనిషిని గూడ పుట్టించింది. చచ్చిన మొగుణ్ణి కుసుమ తిడుతుంటే నేను పక్కన కూసుండి తలకాయ ఊపిన.

నేను గట్టిగ నిలదీస్తే ఆయన కక్కిండు. శ్రీపతి ఆ పొద్దు వర్క్‌షాప్‌కు రానేలేదట. రేపు ఆలస్యమైతది, నా టోకెన్ నువ్వెయ్యి అని ముందురోజే చెప్పిండట. దోస్తులల్ల అది మామూలేనంట, ఇయ్యాల నాది నువ్వేస్తే రేపు నీది నేనేస్త. ఆరేండ్ల బిడ్డ సంయుక్తను నారాయణగూడల ఒక మంచి బడిల వెయ్యాలని ఆశ పడ్డడు. ఫారం కోసం లైన్ల నిలబడనీకి పోయిండు. సీటు రాకపోతే కుసుమ చిన్నబోతదని ఇంట్ల చెప్పలేదు.

ఆ దినం ఎవరో వచ్చి, చౌరస్తాల లారీ గుద్దిన స్కూటర్ మీ ఆయనది లెక్కనే ఉందంటే కుసుమ పరేషానై వర్క్‌షాప్ గేటు కాడికి ఉరికింది. గేటు మనిషి బోర్డు చూసి, బిళ్ల లేదు, లోపలనే ఉన్నడు, ఇంటికి పోమ్మా అన్నడు. ఆమె నిమ్మళంగ ఇంటికొచ్చి వంట చేసుకున్నది. శ్రీపతి అప్పుడు దవాఖానల పేరు తెల్వని మనిషిగ పండి ఉన్నడు. మూడు గంటలకు పానం పోయింది. నిజం చెప్తే దొంగ హాజరని నౌకరి పోతదని మా ఆయన భయపడ్డడు, అందుకే వచ్చి పోయిండని అబద్ధమాడిండు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేండ్లు ఏ మనిషి పక్కన పండుకున్ననా అనిపించింది. బొమ్మను రావుగారింట్ల పెట్టినంక కుసుమను తీస్కపోయి చూపిస్త, అప్పుడు మెల్లగ చెప్త అని గొణిగిండు. ఆమెకు బొమ్మలు చూపించుడేంది, లే, చెప్పులేసుకో అన్న.

కుసుమ గడప కాడ కూసుండి చిక్కుడుకాయలు తెంపుతున్నది. ఆయన నిలబడే చెప్పిండు. మొదట్ల ఆమె చేతులు ఆగలేదు. గేటు మాట వచ్చినంక ఆగినయి.

"అన్నా, నేను గేటు కాడికి వచ్చినప్పుడు ఆయన బతికే ఉన్నడా?"

మా ఆయన తలకాయ ఊపిండు. ఆమె తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు అనుకున్న. ఆమె తిట్టలేదు. బిడ్డను తండ్రి మీద ద్వేషంతోనే పెంచినని మాత్రం చెప్పింది. మాకు తెల్వదా? పెండ్లి పత్రిక మీద నాయిన పేరు వద్దన్నది సంయుక్తనే. ఆ తండ్రి జాగల పీట మీద కూసుండి కన్యాదానం చేసింది నేను, మా ఆయన. అది యాదికొచ్చి నాకు సిగ్గయింది.

కుసుమ లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. అడిక్‌మెట్‌ల ఉండే బిడ్డకు కలిపి, స్పీకర్ పెట్టి మా ఆయన చేతికిచ్చింది. నాకు చెప్పినట్టే దానికి చెప్పు అన్నది.

ఆయన చెప్పిండు. మధ్యల రెండుసార్లు నా దిక్కు చూసిండు, నేను సాయం చెయ్యలేదు. "మీ నాయిన నీ బడి ఫారం కోసం పోయిండు బిడ్డా. అబద్ధం చెప్పింది నేను."

సంయుక్త మా ఆయనతోని కాదు, తల్లితోని మాట్లాడింది.

"అమ్మా, నాయిన ఫోటో ఉన్నదా? నాకు ముఖం యాదికి లేదు."

కుసుమ చేతులు చీరకు తుడుచుకున్నది.

"లేదు బిడ్డా. అన్ని నేనే కాలవెట్టిన."