సింహం తలలో నీళ్లు

సినిమా సెట్లకు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బొమ్మలు పోసే షేక్‌పేట వీరయ్య చదువు ఐదో తరగతితోనే ఆగింది. అప్పట్నుంచీ తెల్లపిండి కలిపి కలిపి చేతులు పగిలాయి, నడుం పట్టేసింది. మిగిలిందల్లా గుబురు మీసమూ, మంచి పేరూ. పచ్చి బొమ్మకు రంగేస్తే పొక్కులొచ్చి ఊడుతుంది. ఫిల్మ్‌నగర్ మొత్తంలో వీరయ్య బొమ్మ మీద మాత్రం రంగు ఊడదని అందరూ అంటారు.

ఆ పేరుకే ఎసరు పెట్టింది మంజులత. బీఎస్సీ చదివి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్ల. వీరయ్య షెడ్డు ముందు ఎండిన సింహం తల మీద వేలితో టక్కున కొట్టి, "కాకా, దీని బరువుల ఐదో వంతు నీళ్లే, ఎరికేనా?" అంది.

"నా బొమ్మ పచ్చిగుందంటవా బిడ్డా? వారం సంది ఎండల ఉన్నది!"

"ఎండకు పోయే నీళ్లు కాదు కాకా. లోపల కలిసిపోయిన నీళ్లు."

"ఒక్క చుక్కున్నా మీసం తీసేస్త, పో!"

మూలన ఛాయ్ కాస్తున్న భార్య బాలమణి చేతులు జోడించింది. "దేవుడా, జర చుక్క నీళ్లు సూపియ్యి."

మంజులత సుద్దముక్కతో నేల మీద లెక్క వేసింది. కాల్షియం నలభై, గంధకం ముప్పై రెండు, నాలుగు ఆక్సిజన్లు అరవై నాలుగు, వాటికి అంటుకున్న రెండు పాళ్ల నీళ్లు ముప్పై ఆరు. "అంత కలిపితే నూట డెబ్బై రెండు. అండ్ల ముప్పై ఆరు నీళ్లంటే, నూటికి ఇరవై ఒకటి."

"నేల మీద రాస్తే నీళ్లయితయా?"

విరిగిపోయిన ఇంకో సింహం ముక్కల్ని కిరాణా కొట్టు కాటా మీద కిలో తూచి, బాలమణి కడాయిలో పోశారు.

"అయ్యో, నా తాలింపు కడాయి!" అంటూనే ఆమె మూత పెట్టింది.

కాసేపటికి మూత తీస్తే లోపలివైపు చెమట పట్టి, బొట్లు బొట్లుగా కారుతోంది. బాగా కాగాక మళ్లీ తూస్తే కిలో కాస్తా ఎనిమిది వందలకు దిగింది.

"ఇంక జర కాగితే ఇంకో పది గ్రాములు పోతయి," అంది మంజులత.

వీరయ్య ముఖం వాడిపోయింది. "అంటే గిన్నేండ్లు పచ్చి బొమ్మలే అమ్మిన్నా?"

"కాదు కాకా! గా నీళ్లు తడిపేటివి కావు, పిండిని పట్టుకునేటివి. పోయినంక ఏమైందో సూడు." ఆమె ఒక ముక్క అందించింది. వేళ్ల మధ్య నలిపితే పిండి అయిపోయింది.

"అంటే నాది కచ్చా పని కాదు?"

"పక్కా పని."

వీరయ్య మీసం మళ్లీ లేచింది. బాలమణి మాత్రం కత్తెర పట్టుకొచ్చింది. "పందెం పందెమే."

"పాపం, నూటికి ఇరవై ఒకటే తీయి కాకీ," అంది మంజులత.

"పొడుగులనా, బరువులనా?" వీరయ్య బేరానికి దిగాడు.

"బరువులనే. మన లెక్కంత బరువుదే కదా."

"గట్లయితే తెల్ల వెంట్రుకలే తీయి."

"తెల్లయి తీస్తే నూటికి తొంభై పోతయి," అంటూ బాలమణి అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది.