సాక్ష్యానికి నేను చెప్పిన అర్థం

దోహాలో మా ఆరాధన శుక్రవారం ఉదయం జరిగేది. తొంభైల చివరి మాట ఇది. అప్పటికి ఆ దేశంలో మాకు గుడి కట్టుకునే అనుమతి లేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక పెద్దావిడ ఇంటి హాల్లో కూడుకునేవాళ్ళం. అందరం గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళమే. గుమ్మం ముందు చెప్పుల కుప్ప కనిపిస్తే ఎవరైనా ఆరా తీస్తారని, చెప్పులు లోపలికి తెచ్చి గోడవారగా పెట్టేవాళ్ళం. పాటలు గొంతు తగ్గించి పాడేవాళ్ళం. చప్పట్లు కూడా రెండు వేళ్ళతో అరచేతి మీద తట్టుకునేవాళ్ళం.

ఇంగ్లీషు బోధకుడెవరైనా వస్తే తెలుగులో అర్థం చెప్పే పని నాది. ఊళ్ళో ఉన్నప్పుడే ఉజ్జీవ సభల్లో ఆ పని చేశాను. బోధకుడు తడబడితే సర్దేవాణ్ణి, చప్పగా చెబితే కాస్త ఉప్పు తగిలించేవాణ్ణి. "నీకు అర్థం చెప్పే వరం ఉంది బాబూ" అని పెద్దలు అంటుంటే నమ్మాను. వరం అనుకున్నాక ఇక దాన్ని పరీక్షించుకోలేదు.

ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ వెళ్ళే దారిలో కడుతున్న ఒక ప్లాంటులో పనివాళ్ళ హాజరు రాసే టైమ్‌కీపర్ని నేను. అక్కడ సేఫ్టీ ఆఫీసరు ఒక అమెరికన్. యాభై దాటాయి. మా ఆఫీసు రేకుల పోర్టా క్యాబిన్ తలుపులోంచి పక్కకు తిరిగితే తప్ప లోపలికి రాలేడు. వయసులో ఉండగా తొమ్మిదేళ్ళు జీతానికి ఫుట్‌బాల్ ఆడాడట. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. గుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. ఈయన పని బంతి పట్టడం కాదు, బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి నేలకు కొట్టడం. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టే పనిలాంటిదే, కాకపోతే వీళ్ళు ముఖానికి కమ్ములున్న హెల్మెట్లు పెట్టుకుని తలలతో గుద్దుకుంటారు.

ఒకరోజు ఆయన నా బల్ల మీద బైబిలు చూసి, మేము ఎక్కడ కూడుకుంటామని అడిగాడు.

"నేనొక మాట ఒప్పుకోవాలి. మనుషుల ముందు ఒప్పుకోవాలి" అన్నాడు. "ఈ మధ్య మరుపు ఎక్కువైంది. ఇది కూడా మరిచిపోకముందే చెప్పాలి."

మరుపు సంగతి నిజమే. తన గది నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకోవడం నేను చూశాను. కానీ ఆ పూట నేను విన్నది ఒకటే: ఇంత పెద్ద ఆటగాడు మా మధ్య సాక్ష్యం చెబుతాడు, నేను అర్థం చెబుతాను. వారమంతా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఆ శుక్రవారం హాలు నిండిపోయింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబోతుంటే, మా సంఘంలో బండి నడిపే తమ్ముడు నా చెవిలో, "అన్నయ్యా, ఈయన కూర్చుంటే మనకంటే ముందు ఆ కుర్చీయే పరలోకం వెళ్ళిపోద్ది" అన్నాడు. నవ్వు ఆపుకుంటూ లేచి ఆయన పక్కన నిలబడ్డాను.

ఆయన కాగితం చూసి, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ అందనంత తగ్గు గొంతుతో చదివాడు. ఒక ఆటలో, పక్కనుంచి వెళ్ళి ఒక కుర్ర ఆటగాణ్ణి గుద్దాడు. తప్పుగా ఆడలేదు, నేర్పించినట్టే ఆడాడు. కుర్రవాడు పడ్డాడు. ఇక కాళ్ళు కదపలేదు. మైదానమంతా కేకలు వేసింది. ఈయన చేతులెత్తి గంతులేశాడు. ఆ సాయంత్రం తోటివాళ్ళు మెచ్చి, ఆ బంతినే బహుమతిగా ఇచ్చారు. కుర్రవాడు చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు. ఈయన ఒక్కసారీ చూడటానికి వెళ్ళలేదు. "వెళ్తే నా కాళ్ళ మీద నిలబడాలి కదా, అతని ముందు" అన్నాడు.

మా సంఘంలో సాక్ష్యానికి ఒక వరస ఉంది. ముందు పడిపోవడం, తర్వాత లేవడం, చివర జయం. ఈ సాక్ష్యంలో పడినవాడు లేవలేదు. ముందు వరుసలో పసిపిల్లల తల్లులు కూర్చున్నారు. వారమంతా నేను చేసిన ప్రచారం గుర్తొచ్చింది. కుర్రవాడు పడ్డాడు అన్నంతవరకు సరిగ్గానే చెప్పాను. తర్వాత నా నాలుక అలవాటైన దారి పట్టింది. ఇంతటి బలం దేవుడే ఇచ్చాడని, ఎంత బలవంతుడు ఎదురొచ్చినా ఈయన ముందు నిలవలేదని, ఆ జయానికి స్తోత్రం చెల్లించడానికే ఈయన ఇవాళ మన మధ్యకు వచ్చాడని చెప్పాను.

"స్తోత్రం!" అని హాలంతా అన్నది. రెండు వేళ్ళ చప్పట్లు మరిచిపోయి, అరచేతులు నిండుగా కలిపి కొట్టారు.

ఆయన కళ్ళు తుడుచుకుంటున్నవాడల్లా తలెత్తాడు.

"వాళ్ళకి ఏం చెప్పావు?"

"మీరు చెప్పిందే."

"మరి చప్పట్లెందుకు?"

ఆయన హాలంతా ఒకసారి చూశాడు. "అప్పుడూ ఇలాగే కొట్టారు" అన్నాడు. గోడవార తన బూట్లు వెతుక్కుని, లేసులైనా కట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారం నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే ఆయన అడిగిన ప్రశ్నే ఎదురొచ్చేది. చివరికి ఆయన క్యాబిన్‌కి వెళ్ళి, నేను చేసినదంతా చెప్పి, మళ్ళీ రమ్మని బతిమాలాను. ఈసారి మాటకు మాట చెబుతానన్నాను. ఆయన కోప్పడలేదు. "మీవాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఉండనీ. నాకు ఇంకోసారి లేచి చెప్పే ధైర్యం లేదు" అన్నాడు.

తర్వాత నెల తిరక్కముందే, దోహా నుంచి ప్లాంటుకి వచ్చే తిన్నని రోడ్డు మీద ఆయన దారి తప్పాడు. ఎడారిలో బండి ఆపుకుని కూర్చుని ఉంటే క్యాంప్ వాళ్ళు తీసుకొచ్చారు. కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసింది. వెళ్ళేముందు చేయి కలపడానికి వెళ్తే నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

ఆయన వెళ్ళిపోయాక వచ్చిన శుక్రవారం, సాక్ష్యాల సమయంలో నేను లేచాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, నేను చేసింది చేసినట్టు చెప్పాను. పెద్దలు తలలు వంచుకున్నారు. ఆ ఇంటి పెద్దావిడే మాట్లాడింది. ముప్పై ఏళ్ళు వార్డుల్లో నడుములు విరిగినవాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టిన మనిషి.

"ఆ రోజే చెప్పలేకపోయావా నాయనా? మేం భయపడతామనుకున్నావా? దగ్గరికి పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళం కదా."

ఆవిడే లేచి వచ్చింది. వెనక ఇంకొందరు వచ్చారు. ఆయన కోసం ప్రార్థన మొదలుపెట్టి, చేతులుంచడానికి ఆయన లేడు గనక నా తల మీద ఉంచారు. ఆ మనిషికి నెమ్మది దొరకాలని, చక్రాల కుర్చీలో ఉన్న ఆ కుర్రవాడికి, ఇప్పటికి పెద్దవాడై ఉంటాడు, దేవుడు తోడుండాలని వేడుకున్నారు. ముగిసినప్పుడు నేను తప్ప అందరూ ఆమెన్ అన్నారు.