లాభం తరువాత రెండు

ఆ రోజుల్లో కంప్యూటర్ చదువంటే కంఠస్థమే. అమలాపురంలో నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదివేటప్పుడు వారానికోసారి ముగ్గురికొక కంప్యూటర్ ఇచ్చేవారు. పక్కవాళ్ళిద్దరూ టైపు చేసేసుకుంటే నా వంతుకి ఎంటర్ బటన్ నొక్కడమే మిగిలేది (అదీ గట్టిగా నొక్కితే తిట్లు). మిగతా రోజుల్లో సి లాంగ్వేజి మాస్టారు ప్రోగ్రాములు చెబుతుంటే రాసుకుని, శ్లోకాల్లా వల్లించేవాళ్ళం. చుక్కా కామాతో సహా అప్పజెప్పించుకునేవారు కనుక ఆయనకి మేం పెట్టుకున్న పేరు సెమికోలన్ మాస్టారు. నాకు చిన్నప్పటినుంచీ బట్టీ అంటే ఒళ్ళు మంట. అర్థం కానిదాన్ని అప్పజెప్పడానికి నేనెందుకు, చిలకని పెంచుకోవచ్చు కదా అనుకునేదాన్ని.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ఆయన ఎర్రే చెప్పారు. ఒకే పేరుతో వరసగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అంకె, మొదటి గడి నంబరు సున్నా. నేను లేచాను.

"సున్నా ఎందుకండీ? ఒకటితో మొదలెట్టచ్చు కదండీ?"

"అదంతేనమ్మా. ప్రశ్నలు పేపర్లో వాళ్ళడుగుతారు, నువ్వడక్కూడదు. బట్టీ పట్టెయ్."

"అర్థమవకుండా నేను పట్టనండీ."

మాస్టారు కోప్పడలేదు. "ఆయ్, అలాగే కానివ్వండి. ప్రాక్టికల్స్ తప్పితే మాత్రం తమరు కామర్స్ సెక్షనుకి దయచెయ్యాలండీ" అన్నారు. (అండీ పెట్టి తిట్టడంలో మా గోదావరివాళ్ళని మించినవాళ్ళు లేరు.) సరేనన్నాను. కామర్స్ అంటే నాకేం చులకన లేదు గానీ, ఓడిపోయి వెళ్ళడం మాత్రం చచ్చినా ఇష్టం లేదు.

ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాను. అమ్మమ్మ కుంచంతో ధాన్యం కొలుస్తోంది. మా కొత్తపేట వైపు కొలతలో ఒకటి అనరు. మొదటి కుంచానికి "లాభం" అని, ఆ వెంటనే "రెండు, మూడు" అంటూ సాగిపోతారు. పుట్టినప్పటినుంచీ వింటున్నదే అయినా ఆవేళ నా బుర్ర వెలిగింది. మొదటిదానికి వేరే పేరు పెట్టడం మనకేం కొత్త? సి లాంగ్వేజిలో సున్నా అంటే మన లాభమే. అంత సంతోషం తరువాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ప్రాక్టికల్స్‌లో అయిదుగురి మార్కులు ఎర్రేలో పెట్టి కూడమన్నారు. పూర్తిగా నా సొంత తెలివితో రాశాను. సున్నా గడిలో మొదటివాడు, ఆ తరువాత రెండు, మూడు, నాలుగు, అయిదు గళ్ళలో మిగతావాళ్ళు. ఎంటర్ నొక్కాను, గట్టిగానే. అయిదుగురికీ కలిపి మొత్తం మైనస్ వేలల్లో వచ్చింది. మనం ఏమీ వెయ్యని గడి అందులో ఖాళీగా ఉండదట, ఏదో చెత్త ఉంటుందట, సున్నా నుంచి అయిదు దాకా కూడమంటే ఆ చెత్తనీ కూడేస్తుందట.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు తెర వైపు వంగి చూశారు. "ఒకటో గడి ఏదమ్మా?"

"మా ఇంట్లో ఒకటి ఉండదండీ. లాభం తరువాత రెండేనండీ."

వెనక సెమికోలన్ మాస్టారు తల పట్టుకున్నారు. ఎగ్జామినరుగారు నవ్వు ఆపుకుంటూ "ఇలాగని ఎవరు చెప్పేరు?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే ఆలోచించేనండీ."

"అయితే సరిచెయ్యాల్సింది కూడా నువ్వే. టైముంది, కూర్చో."

నంబర్లు మార్చాను. మొత్తం సరిగ్గా వచ్చింది. బొటాబొటిగా పాసయ్యాను. వల్లించినవాళ్ళకి నాకంటే చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. రానీ, కామర్స్ సెక్షను గడప మాత్రం నేను తొక్కలేదు.

ఇప్పుడు ప్రోగ్రాములు రాసే బతుకుతున్నాను. సున్నా కొట్టినప్పుడల్లా నోరు లాభం అంటుంది, ఆ వెంటనే ఒకటి కొట్టడానికి వేలికి మనసొప్పదు. అర్థం కానిది బట్టీ పట్టనని అంతమందిలో లేచి నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కానీ లాభం తరువాత రెండెందుకని అమ్మమ్మని మాత్రం ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు.