అందరి నడుము నొప్పీ చెప్పిన మేస్త్రమ్మ

మా ఆత్మకూరు వీధిలో అందరూ మేస్త్రమ్మ అని పిలిచే అవ్వ మంగళవారం పొద్దున చనిపోయింది. అమ్మ ఫోన్ చేసి చెప్పేసరికి నేను కాలేజీ లైబ్రరీలో ఆవిడ నడుము నొప్పి గురించి నేను నింపిన ఫారమే ముందు పెట్టుకుని కూర్చున్నాను. ‘నొప్పి రకం’ అన్న గడిలో ‘వంగి పని చేయడం వల్ల’ అని నా చేతిరాత. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గడినే చూస్తూ ఉండిపోయాను.

నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను. నడుము నొప్పిలో రకాలు, వాటి మూలాలు నా ప్రాజెక్టు. కండరాలు, కీళ్లు అలిసి వచ్చే నొప్పి కదలికను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. నరం నలిగితే కాలిలోకి దిగుతుంది. గాయం మానినా నరాలు బెదిరిపోయి నొప్పి పెడుతూనే ఉండటం ఇంకో రకం. ఎలా పడుకున్నా తగ్గకపోతే మాత్రం లోపల మరేదైనా జబ్బు ఉందేమో చూడాలి. ఇదంతా పుస్తకాల్లో చదివాను. తెలుగులో దానికి మాటలు నేర్పింది మేస్త్రమ్మ.

ఆవిడ నాట్ల కూలీల ముఠాకు పెద్ద. ఆవిడతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు ఆటోలో సంగం పొలాలకు నాట్లకు వెళ్లేవారు. ఫారాలు పట్టుకుని నేనూ వెళ్లాను.

“నొప్పి అని ఒక్క మాట రాస్తే ఎట్లా మే? సలుపు వేరు, పీకుడు వేరు, కాల్లోకి జివ్వున దిగేది వేరు. ఇంగిలీషులో ఇన్ని ఉండాయా?”

“తెలీదవ్వా.”

“మరి ఏం చదువుతుండావు?”

బురదలో నిలబడి అందరూ నవ్వారు. ఆ రోజు నోటుపుస్తకం సగం నిండింది.

అవ్వ పుట్టిల్లు ఉదయగిరి దగ్గర మెట్ట పల్లె. “మా ఊళ్లో నీళ్ల కోసం బావిలోకి వంగినాము. ఈడ నీళ్లల్లోనే వంగినాము” అనేది.

ఆ ముఠాలో ఎవరూ తమ కోసం నోరు తెరవరు. తాగే నీళ్లయినా రైతును మేస్త్రమ్మే అడగాలి. వెనక్కి నడుస్తూ నాటుకుంటూ వచ్చి, మడమలు గట్టుకు తగిలాక “లెయ్యండే” అని ఆవిడ అంటేనే నడుములన్నీ ఒక్కసారి లేచేవి. నా ఫారాలకూ అదే పద్ధతి.

“దీనికి కాల్లో తిమ్మిరి. ఆ లావుదానికి కూర్చుంటే పట్టేస్తాది.”

“నేను లావా? నీ కళ్లల్లో బురద పడినాదా అవ్వా?”

చివరకు “మరి నీకు?” అని అడిగాను.

“నాదేముండాది? అందరిదే నాదీ. రాసుకో.”

రాసుకున్నాను. ‘పడుకుంటే తగ్గుతుందా?’ అన్న ప్రశ్న ఆ కాగితం మీదే ఉంది. దానికీ అడగకుండానే అందరి జవాబే, ‘తగ్గుతుంది’ అని రాశాను.

అన్నాలు తిన్నాక ఆడవాళ్లంతా మోటారు షెడ్డు నీడలో గోనెపట్టాల మీద వాలిపోయారు. మేస్త్రమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. నువ్వూ పడుకోరాదా అన్నాను.

“మీరు పడుకోండి. నేనుండాను గదా.”

ఎంత మంచి మాట అనుకుని, దాన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మాటే విన్నాను. మనిషిని చూడలేదు.

వారం క్రితం నెల్లూరులో స్కాన్ తీశారట. క్యాన్సర్ వెన్నులోకి పాకిందన్నారట. పరీక్షలు రాస్తున్న పిల్లకు, అంటే నాకు, చెప్పొద్దని అవ్వే అందట. ముందే తెలిసినా బతికేదని చెప్పలేం అన్నారు మా సార్. కావచ్చు. కానీ అందరి నొప్పీ చెప్పిన మనిషిని నీ నొప్పి ఏమిటని రెండోసారి నేను అడగలేదు.

సమాధి చేసిన నాలుగో రోజు వాళ్లతో మళ్లీ పొలానికి వెళ్లాను. మడిలో నాటుకుంటూ వెనక్కి వచ్చారు. మడమలు గట్టుకు తగిలాయి. చేతుల్లో నారు అయిపోయింది.

పదకొండు మందీ అలాగే వంగి ఉన్నారు. ఎవరూ లేవలేదు.