నేను లేపేసిన ఆరు నిమిషాలు

2023 చలికాలం. దోహాలో వెస్ట్ బే టవర్ల మధ్య ఒక ఆఫీసు భవనంలో చిన్న ఆడిటోరియం ఉంది. అందులో ప్రొజెక్షన్ టెక్నీషియన్‌గా నాకది ఎనిమిదో ఏడు. మీటింగులకు మైకులు పెట్టడం, తెర మీద బొమ్మ వేయడం, ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా తిట్లు తినడం నా డ్యూటీ. ఊళ్లో మావాళ్లు ఇప్పటికీ "రాజేశం దుబాయ్‌ల సినిమాలు ఆడిస్తడు" అని చెప్పుకుంటారు. ఇది ఖతర్ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

నెలకో శుక్రవారం మధ్యాహ్నం మా హాల్లో పాత బ్రిటిష్ సినిమా వేసేవాళ్లు. దాన్ని నడిపేది కాలిన్ గారని ఒక రిటైర్డ్ టీచర్. ఆ ఏడాది ఆయన హీరో హీరోయిన్లను పక్కనపెట్టి చిన్న వేషాలవాళ్లను పట్టుకున్నారు. నలుపు తెలుపు సినిమాల్లో ఒకటి రెండు సీన్లలో కనిపించి వెళ్లిపోయేవాళ్ల గురించి ముందు పావుగంట మాట్లాడి, తరవాత సినిమా వేయించేవారు. ఒకామె ఏ సినిమాలో చూసినా ఇంటి ఓనరమ్మే. అద్దెకొచ్చినవాడి బూట్ల వంక ఒక్క చూపు చూసేది, వాడు అద్దె కడతాడో ఎగ్గొడతాడో మనకు తెలిసిపోయేది. ఒకాయన ఎప్పుడూ పోలీసు జవానే. ఎవరింటికి విచారణకు వెళ్లినా ముందు టీ కెటిల్ వంక చూసేవాడు. "వీళ్లు లేకపోతే హీరో ఏ ఊళ్లో బతుకుతున్నాడో మనకు తెలీదు" అనేవారు కాలిన్ గారు. నాకు లోపల నవ్వొచ్చేది. పోస్టరు మీద బొమ్మ లేనివాడి కోసం ఇంత ఉపన్యాసమా అనుకునేవాణ్ని.

ఆ నవ్వు నాకు జగిత్యాల నుంచి వచ్చింది. ఖతర్ రాకముందు అక్కడ ఒక థియేటర్లో ఆపరేటర్‌గా చేశాను. పండుగ రోజుల్లో ఐదో ఆట ఇరికించాలంటే సమయం సరిపోదు. ఓనరు కింది నుంచి కేక వేసేవాడు, "రాజేశం, ఒక రీలు లేపెయ్" అని. లేపెయ్యడం అంటే ఆ రీలు వేయకుండా తరవాతి రీలుకు పోవడం. ఏది లేపాలో తేల్చేది నేనే. హీరో ఉండకూడదు, పాట ఉండకూడదు, ఫైటు ఉండకూడదు. ఇక మిగిలేది ఎవరు? పోస్టుమ్యానో, పంతులో, హోటల్లో ఇడ్లీ పెట్టేవాడో. వాళ్లను లేపేస్తే జనం ఒక్కరూ గొడవ చేసేవారు కాదు. దాన్ని నా పనితనం అనుకుని మురిసిపోయేవాణ్ని.

ఇప్పుడు రీళ్లు లేవు. సినిమా డీసీపీ అనే ఫైళ్ల మూటగా హార్డ్‌డిస్క్‌లో వస్తుంది. దాన్ని తెరవడానికి కీ అని ఒక చిన్న ఫైలు పంపుతారు. ఆ కీకి గడువుంటుంది, గడువు దాటితే బొమ్మ రాదు. ఆ శుక్రవారం సినిమాకి సాయంత్రం ఆరు దాకా గడువు. ఎన్నో ఏళ్లు దొరక్కుండా పోయి, ఈ మధ్యే బాగుచేసిన సినిమా అది. ఇంట్లో చూసుకునే డీవీడీలు అమ్మేవాళ్లు కాదు, హాళ్లకు మాత్రమే అరువిచ్చేవాళ్లు.

సినిమా మొదలుపెట్టే ముందు ఒక ముసలావిడ కర్ర పట్టుకుని ప్రొజెక్టర్ ఉండే నా బూత్ దాకా వచ్చింది. పేరు డోరతీ. కొడుకు దగ్గరికి నెల రోజులకని వచ్చిందట. చూపు వేగంగా పోతోందని, టీవీలో మొహాలు ఆనవని, పెద్ద తెర ముందు మొదటి వరసలో కూర్చుంటే ఇంకా కనిపిస్తాయని చెప్పింది.

"ఈ సినిమాలో మా నాన్న ఉన్నారు. నాకు నాలుగేళ్లప్పుడు పోయారు. ఆయన మొహం నాకు గుర్తులేదు" అంది ఇంగ్లిష్‌లో.

నేను కేబుల్ బిగిస్తున్నాను. "వెరీ గుడ్ మేడమ్" అన్నాను. ఏ వేషం అని అడగలేదు. నోట్లో నాలుక లేక కాదు, తీరిక లేక కూడా కాదు. నాకు అక్కర్లేదు, అంతే.

ఆ రోజు మైకు మొరాయించింది, కాలిన్ గారి మాటలూ సాగాయి. సినిమా ఆలస్యంగా మొదలైంది. అది నడుస్తుండగా హాలు మేనేజరు ఫోన్ చేశాడు. ఐదున్నరకు హాలు ఖాళీ కావాలి, తరవాత ఒక కంపెనీ వాళ్ల ఫంక్షన్ ఉంది, ఒక్క నిమిషం కూడా ఇవ్వను అన్నాడు. ఆయన్ని బతిమాలడానికి కాలిన్ గారు బయటికి వెళ్లారు. నేను క్యూ షీట్ తీశాను. ఏ నిమిషంలో ఏ సీను వస్తుందో ముందురోజు ట్రయల్ వేసి రాసుకునే కాగితం అది. నలభై ఒకటో నిమిషం నుంచి నలభై ఏడు దాకా, పోయిన వస్తువులు అప్పగించే కౌంటరు సీను. హీరోయిన్ పోగొట్టుకున్న చేతి గ్లవ్ కోసం వస్తుంది. గుమాస్తా ఒక్కో గ్లవ్ తీసి బల్ల మీద పెడుతుంటాడు. ఆరు నిమిషాలు. హీరో లేడు, కథ కదలదు.

తెర మీద వెలుతురు పడకుండా షట్టర్ మూశాను, సినిమాను ముందుకు జరిపాను, తెరిచాను. కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది. హాల్లో ఎవరికీ అనుమానం రాలేదు.

సినిమా అయిపోయేసరికి ఐదున్నరకు ఇంకా ఎనిమిది నిమిషాలుంది. లేపకపోయినా సరిపోయేది. జనం లేస్తున్నారు. డోరతీ గారు నెమ్మదిగా బూత్ దగ్గరికి వచ్చింది.

"గ్లవ్‌ల సీను అయిపోయిందా? నాన్న అందులోనే గుమాస్తా. నేను చూడలేదు. నిద్రపోయానా?"

కీ ఇంకా బతికే ఉంది. ఎనిమిది నిమిషాలుంది, సీను ఆరు నిమిషాలు. ఆమెను మళ్లీ కూర్చోబెట్టి వేసి ఉండొచ్చు. కానీ వేయాలంటే, లేపేశానని ఒప్పుకోవాలి. పక్కన ఇద్దరు ముగ్గురు నిలబడి వింటున్నారు. కంపెనీకి తెలిస్తే?

"అవును మేడమ్. కాసేపు నిద్రపోయినట్టున్నారు" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "క్షమించు. నువ్వు ఇంత శ్రమపడి వేస్తే నేను ఇలా చేశాను. ముసలితనం" అంది. నాకే క్షమాపణ చెప్పింది. నేను తలూపాను.

తలుపు దగ్గర టార్చి పట్టుకుని నిలబడేది సలీం భాయ్. నిజామాబాద్ ఆయన, నాకంటే పెద్దవాడు, ఇన్నేళ్లుగా ఇద్దరం కలిసే చాయ్ తాగేవాళ్లం. హాలు ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"ఆమె నిద్రవోలే రాజేశం."

"నీకెట్ల ఎరుక?"

"నేను పక్కపొంటే నిలవడ్డ గద. సీటు అంచుకు కూసున్నది. ఒక్కసారి గూడ ఎనుకకు ఆనలే. నువ్వేమన్న లేపేసినవా?"

"ఆరు నిమిషాలు."

"లేపేసి, ఆమె మీదికి నెట్టినవా? అరే, పోయి చెప్పు."

"కంపెనీల తెలిస్తె వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు భాయ్."

"అయితే నీ మర్జీ. నేను ఎవ్వలికి చెప్ప. గని రేపటి సంది నాతోని చాయ్‌కి రాకు."

ఆయన అన్నంత పనీ చేశాడు. నేనూ మొండికేశాను. వారం, రెండు వారాలు, ఆమె తిరుగు ప్రయాణం కూడా అయిపోయింది. ఏడు నెలలు నోరు మెదపలేదు. ఆ ఏడు నెలల్లో కాలిన్ గారి సినిమాలు వేస్తున్నప్పుడల్లా ఒక చిన్న వేషం తెర మీదికి వచ్చేది, నేను కళ్లు దించుకునేవాణ్ని. టికెట్లు చింపేవాడు, లిఫ్టు నడిపేవాడు, కూరగాయల గంప మోసే ఆవిడ. అందరూ ఎవరో ఒకరికి నాన్నో అమ్మో అయ్యుంటారు కదా అనిపించేది. అంత చిన్న సంగతి నాకు యాభై దాటాక తట్టింది.

చివరికి కాలిన్ గారికి అంతా చెప్పి, ఆమె నంబరు అడిగాను. ఆయన తిట్టలేదు. కాగితం మీద నంబరు రాసి నా వైపు జరిపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కంపెనీకి ఫిర్యాదు కూడా చేయలేదు. చేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సెలవు రోజు పొద్దున బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో మా గది బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు.

"అయితే నేను నిద్రపోలేదు" అంది.

"లేదు మేడమ్. మీరు నిద్రపోలేదు."

"ఏడు నెలలుగా అందరికీ అదే చెప్పుకుంటున్నాను. నాన్న వచ్చినప్పుడు నిద్రపోయిన కూతుర్నని" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను క్షమించమన్నాను. మళ్లీ ఆ సినిమా తెప్పించమని కాలిన్ గారిని అడుగుతాను, మీరు రండి అన్నాను.

"వచ్చి ఏం చేస్తాను? ఇప్పుడు వెలుతురు తప్ప నాకేమీ కనిపించదు" అంది. కోపం లేకుండానే అడిగింది. "ముందురోజు ట్రయల్ వేశానన్నావు కదా, ఆయన్ని చూశావు కదా. చెప్పు. మా నాన్న ఎలా ఉన్నారు?"

నేను కళ్లు మూసుకుని వెతికాను. బల్ల గుర్తుంది. గ్లవ్‌లు గుర్తున్నాయి. ఆయనకు మీసం ఉందా, బట్టతలా, నవ్వాడా, ఏదీ గుర్తులేదు. ట్రయల్ వేసినంతసేపూ నేను చూసింది గడియారాన్ని.

"నలభై ఒకటో నిమిషంలో వస్తారు మేడమ్" అన్నాను.

"పర్వాలేదు. ఆయన్ని ఎవరూ సరిగ్గా చూసేవాళ్లు కాదని అమ్మ కూడా అనేది" అని ఫోన్ పెట్టేసింది.

ముప్పై ఏళ్లుగా సినిమాలు ఆడిస్తున్నాను. ఎన్ని చూశావని ఎవరైనా అడిగితే ఇదివరకు గొప్పగా లెక్క చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆడించానని మాత్రమే చెబుతున్నాను. చూశానని అనడానికి సిగ్గేస్తోంది.